యంత్రమెరుగని భాగస్వామి



మన నగరములలో నానాటికి వెలయుచున్న స్టార్టప్ కంపెనీలను గూర్చి యువకులు మాటలాడుకొనునపుడు తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. కంపెనీ యంతయు ఒక సాఫ్ట్‌వేరు మీదనో, ఒక యంత్రము మీదనో నిలిచియుండగా, ఆ సాఫ్ట్‌వేరులో ఒక్క పంక్తియైన వ్రాయనేరనివాడు, ఆ యంత్రమును విప్పి మరల బిగింపనేరనివాడు, దానికి సంస్థాపకుడని యెట్లు చెప్పుకొనగలడు? కోడ్ వ్రాయు మిత్రుడు రేయింబవళ్లు శ్రమించుచుండగా రెండవవాడు చేయు పని యేమి? అతనికి వాటా యెందులకు? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానమును వ్యాపార సూత్రములలో వెదకుటకంటె, ఇరువురు మనుష్యుల జీవితములలో వెదకుట మేలని తోచి, నేటి ప్రసంగమున ఆ కథను మీకు వినిపింపదలచితిని.

దానికి ముందు ఒక మాట. ఈ విషయమున రెండు విపరీతాభిప్రాయములు వాడుకలో నున్నవి. ఆలోచన నాది గనుక కంపెనీ నాది, నిర్మించు ఇంజనీరు జీతమునకు దొరకును అనునది మొదటిది. నిర్మించువాడే సర్వస్వము, తక్కినవారు వాని శ్రమను అమ్ముకొనవచ్చిన దళారులు అనునది రెండవది. ఒకటి అహంకారముచేతను, వేరొకటి అనుభవలోపముచేతను పుట్టినవి. ఈ రెండును తప్పని నిరూపించిన చరిత్ర జపాను దేశమునందలి హోండా కంపెనీది.

సోయిచిరో హోండా పేరెరుగనివారు మనలో అరుదు. ఆయన 1906లో, హమమత్సు పట్టణమునకు చేరువనున్న పల్లెలో, ఒక కమ్మరి యింట జన్మించెను. పదునైదేండ్ల ప్రాయమున టోక్యో చేరి, మోటారు మరమ్మతు దుకాణమున పనిపిల్లవాడుగా కుదిరి, చేతులతోనే విద్య నేర్చెను. యుద్ధము ముగిసి దేశము బూడిదయై యున్న 1946లో, సైన్యము వైర్‌లెస్ పెట్టెలకు విద్యుత్తు పుట్టించుటకై వాడి విడిచిన చిన్న ఇంజనులను సేకరించి, వానిని సైకిళ్లకు అమర్చి అమ్మసాగెను. 1948 సెప్టెంబరులో హోండా మోటారు కంపెనీ స్థాపితమయ్యెను. ఇంజను విషయమున ఆయన ప్రతిభ అసమానము. కాని బండ్లు అమ్ముడుపోయినను సొమ్ము చేతికి వచ్చుట కష్టమయ్యెను. సరకు తీసికొనిపోయిన వర్తకులలో కొందరు దివాలా తీసిరి, కొందరు కానరాకుండ పోయిరి. కర్మాగారము పనిచేయుచునే యుండెను. కంపెనీ మాత్రము ఆయాసపడుచుండెను.

1949లో, నలువది రెండేండ్ల హోండాను ముప్పదియెనిమిదేండ్ల టకేయో ఫుజిసావా కలిసికొనెను. ఈయన 1910లో టోక్యో నగరమున జన్మించినవాడు. 1923 నాటి మహాభూకంపముతో తండ్రి వ్యాపారము నేలమట్టమైనది. యౌవనమున కొంతకాలము కవర్ల మీదను, కార్డుల మీదను చిరునామాలు వ్రాసి కూలి సంపాదించెను. పిమ్మట ఉక్కు అమ్ము దుకాణములో చేరి వీధివీధి తిరిగి బేరములు కుదిర్చెను. కొన్నాళ్లు కోత పనిముట్లు చేయు చిన్న కంపెనీ నడపెను. యుద్ధానంతరము కలప వ్యాపారము చేసెను. ఇంజనీరింగు చదువు లేదు. ఇంజను గీయుట రాదు. అయినను ఆ మొదటి సమావేశముననే ఇరువురికిని పరస్పర విశ్వాసము కుదిరెను. వస్తువును నీవు చేయుము, డబ్బు సంగతి నేను చూచుకొందునని ఫుజిసావా చెప్పినది మొత్తముగా ఇంతే. ఆ సంవత్సరము అక్టోబరులో ఆయన కంపెనీలో ప్రవేశించెను. జపానులో కంపెనీ ముద్ర సంతకమునకంటె విలువైనది. ఆ ముద్రను హోండా తన భాగస్వామి చేతికి అప్పగించి, తరువాత దాని వంక చూచి యెరుగడని చెప్పుదురు.

ఇక ఆ యంత్రమెరుగని భాగస్వామి ఏమి చేసెనో చూతము.

1952లో హోండా సైకిలు వెనుక చక్రమునకు తగిలించుకొను చిన్న ఇంజను నొకదానిని రూపొందించెను. తెల్లని ట్యాంకు, ఎఱ్ఱని ఇంజను, పేరు కబ్. వస్తువు చక్కనిది. అయితే దేశమంతట దానిని ఎవరు అమ్ముదురు? మోటారు సైకిళ్ల దుకాణములు కొద్ది. అవియు పాత కంపెనీల చేతిలో నున్నవి. ఫుజిసావా దృష్టి ఎవ్వరును లెక్కచేయని చోట పడెను. జపానులో ఊరూర సైకిలు దుకాణములున్నవి, అవి యించుమించు 50,000. ఆ దుకాణములన్నింటికిని ఆయన జాబులు వ్రాయించెను. ఆ జాబు ఇంజను శక్తిని వర్ణించుటతో మొదలుకాలేదు. రష్యాతో జపాను చేసిన యుద్ధము ముగిసిన నాళ్లలో విదేశపు సైకిళ్లను తెచ్చి అమ్ముటకు సాహసించిన మీ పెద్దల ధైర్యమును స్మరింపుడనుటతో మొదలయ్యెను. ఆ సాహసమే నేడు మీకు జీవనాధారమైనది, నేటి ప్రజలు ఇంజనున్న సైకిలు కోరుచున్నారు, మేమది చేసితిమి, మీకు ఆసక్తి యున్నచో తెలుపుడు అని దాని సారాంశము. 30,000కు పైగా దుకాణముల నుండి ప్రత్యుత్తరములు వచ్చెను. అప్పుడు రెండవ జాబు వెళ్లెను: సొమ్ము ముందుగా పంపినవారికి ఇంజను పంపుదుమని. కొత్త కంపెనీ మాట నమ్మి డబ్బు పంపుట కష్టము గనుక, తమ బ్యాంకు శాఖాధికారి చేతను ఆ దుకాణములకు జాబు వ్రాయించెను. డబ్బు వచ్చెను. అప్పులవారి చుట్టు తిరిగిన కంపెనీకి సరకు పంపకమునుపే సొమ్ము చేరుట మొదలయ్యెను.

ఇందులో ఒక్క యంత్రభాగమైన మారలేదు. అయినను ఈ జాబులు లేనిచో ఆ ఇంజను హమమత్సు పరిసరములు దాటియుండెడిది కాదు. ఫుజిసావాకు సైకిలు గొలుసు బిగించుచు పొట్టపోసికొను చిన్న దుకాణదారుని మనస్సు తెలియును. వాని భయమేదో, గర్వమేదో తెలియును. ఈ తెలివి ఇంజను తెలివికి తక్కువ జాతిది కాదు. దానిని సంపాదించుటకును ఏండ్లు పట్టును. కవర్ల మీద చిరునామాలు వ్రాసి, ఉక్కు అమ్మి, బేరములలో నష్టపడి ఆయన దానిని సంపాదించెను.

రెండవ ఘట్టము 1954. హోండా కోరిక మీద కంపెనీ తన మూలధనమునకు ఎన్నో రెట్ల వెలగల విదేశీ యంత్రములను తెప్పించియుండెను. అదే సమయమున కొత్త స్కూటరు విఫలమయ్యెను. మోటారు సైకిలుపై ఫిర్యాదులు వచ్చెను. కబ్ అమ్మకములు తగ్గెను. కంపెనీ పడిపోవునని అందరును తలచిరి. ఆ దినములలోనే హోండా ఇంగ్లండు చెంతనున్న మాన్ ద్వీపమునకు, అక్కడి ప్రపంచప్రసిద్ధ పందెమును చూచుటకై బయలుదేరెను. ఫుజిసావా ఆయనను విమానమెక్కించి వచ్చి, ఇక్కడి తుపానుకు తానొక్కడే ఎదురు నిలిచెను. బ్యాంకు వారికి మంచి చెడ్డలన్నియు దాచకుండ చెప్పెను. భాగములు సరఫరా చేయు చిన్న కార్ఖానాల వారిని కూర్చుండబెట్టి, బాకీలో కొంత మాత్రమే ఇప్పుడు చెల్లింపగలమని ఒప్పించెను. సంవత్సరాంతమున కార్మికులు బోనసు కోరినపుడు, 5,000 యెన్‌ల కంటె ఇయ్యలేనని వారందరి యెదుట ఒంటరిగా నిలిచి చెప్పెను. ఇది పరిపాలించువారి లోపమే యని యొప్పుకొని, వసంతమున అమ్మకములు పుంజుకొనగానే మరల మాటలాడుదమని చెప్పెను. కోపముతో వచ్చిన ఆ సభ కరతాళధ్వనులతో ఆయనను సాగనంపెను.

శ్రోతలారా, దీనిని మనము వ్యాపారచాతుర్యమని తేలికగా పిలువరాదు. నిర్మించువాడు నిర్భయముగా నిర్మించుటకు ఎవడో యొకడు భయమును తనమీద వేసికొనవలెను. జీతములు చెల్లునో లేదో యను చింత, అప్పులవాని గడప, కార్మికుని కోపము, ఇవి ఇంజనీరు బల్లమీదికి చేరినచో ఇంజను పుట్టదు. వానిని అచటికి చేరనీయకుండుట మొదటి తరగతి శ్రమ.

మూడవది, నా దృష్టిలో అన్నిటికంటె గొప్పది. 1956 చివర ఇరువురును కలిసి ఐరోపా యాత్ర చేసిరి. చిన్న బండి యొకటి కావలెనని ఫుజిసావా దారిపొడవున పోరుచుండెను. హోండా అచటి వీధులలో మోపెడ్‌లను చూపి, ఇటువంటిదా, అటువంటిదా యని యడుగుచుండగా, ఇది కాదు, ఇదియు కాదని ఆయన త్రోసివేయుచుండెను. ఆ బండ్లు చదునైన రాచబాటలకు తగినవి. జపాను దారులు అప్పటికింకను గతుకులమయములు. ఆయన కోరినదెట్టిదనగా, సేమ్యావంటి సోబా వంటకమును ఇంటింటికి మోసికొనిపోవు హోటలు కుఱ్ఱవాడు, ఒక చేత పళ్లెరము పట్టుకొని రెండవ చేతితోనే నడుపుకొనదగినదై యుండవలెను; ఇంజను, గొట్టములు బయటికి కనబడక, స్త్రీలు వెఱవక యెక్కదగినదై యుండవలెను. ఇంతకుమించి ఆయనకు చెప్పుటకు రాదు, చెప్పనక్కరయు లేదు. ఒంటి చేత నడుపవలెనన్నచో క్లచ్ పిడి ఉండరాదు. కనుక హోండాయు ఆయన ఇంజనీర్లును తనంత తాను పట్టు విడుచు క్లచ్ రూపొందించిరి. సులువుగా ఎక్కవలెనన్నచో నడుము వంగిన చట్రము కావలెను, దానినియు సాధించిరి. బురద కాళ్లమీద పడకుండ ప్లాస్టిక్ కవచము పెట్టిరి. 50 సీసీల ఆ బండి 1958 ఆగస్టులో సూపర్ కబ్ అను పేర వెలువడెను.

నమూనాను చూచిన నాడు, ఇది యెన్ని అమ్ముడుపోవునని హోండా యడుగగా, నెలకు 30,000 అని ఫుజిసావా చెప్పెను. వినినవారు నివ్వెరపోయిరి. ఆ మాటను నమ్మి కంపెనీ 1960లో సుజుకా వద్ద మహాకర్మాగారమును నిర్మించెను. ఆ సూపర్ కబ్ కుటుంబపు బండ్ల ఉత్పత్తి 2017 నాటికి 10 కోట్లకు చేరినది; ఇంజను గల వాహనములలో ఇంతటి సంఖ్యకు చేరినది మఱొకటి లేదు. ఆ బండి ఆకృతిలో ప్రతి రేఖయు ఇంజనీరులది. అయితే ఆ రేఖలు దేనికొఱకు గీయవలెనో చెప్పినవాడు గీయుట రానివాడు. యంత్రము సాధ్యాసాధ్యములు తెలియకపోవుటచేతనే ఆయన, సులభమైనదానిని విడిచి, మనుష్యునకు కావలసినదానినే అడుగగలిగెనేమో యని నాకు తోచును.

అడుగుటయేకాక, అడుగకుండ విడిచిపెట్టుటయు ఆయనకు తెలియును. అమ్మకముల ఒడుదొడుకులు పరిశోధకుల మనస్సులను కలతపెట్టరాదని తలచి, పరిశోధనాశాఖను 1960లో ప్రత్యేకమైన కంపెనీగా ఏర్పాటు చేయించెను. ఒక్క హోండా మేధ మీద కంపెనీ ఎల్లకాలము ఆధారపడరాదు, ఆ మేధావి స్థానమున పలువురు నిపుణులు పెరుగవలెనన్నది ఆయన దూరదృష్టి. తన వాటా పెంచుకొను ఉపాయము కాదది. తామిద్దరును లేనినాడు కూడ కంపెనీ నిలుచు ఉపాయము.

చివరి పరీక్ష 1970 ప్రాంతమున వచ్చెను. అమెరికాలో వాయుకాలుష్య చట్టము వెలువడనుండెను. పొగను తగ్గించుటకు నీటితో చల్లబఱచు ఇంజనే శరణ్యమని యువ ఇంజనీర్లు భావించిరి. గాలితో చల్లబఱచునదే మేలని హోండా పట్టుబట్టెను. స్థాపకుని యెదుట నోరు మెదపలేక వారు ఫుజిసావాను ఆశ్రయించిరి. గాలి మేలో, నీరు మేలో ఆయన తీర్పు చెప్పబోలేదు. హోండా వద్దకు పోయి, మీరు ఈ కంపెనీకి అధ్యక్షులుగా ఉండదలచితిరా, ఇంజనీరుగా ఉండదలచితిరా యని ఒక్క ప్రశ్న వేసెను. కొంత మౌనము తరువాత, అధ్యక్షుడుగానే యుండవలెనని హోండా సమాధానము. అట్లయిన యువకులను వారి దారిని పోనిత్తురు గదా యని ఫుజిసావా, పోనిత్తునని హోండా. ఆ దారిని పుట్టిన ఇంజను ఆ చట్టపు నియమములను తీర్చి లోకప్రశంస లందినది. స్థాపకుని వైభవము చూచి అందరును తలవంచుచోట, తలవంచక సత్యము పలుకువాడొకడు కావలెను; దానికి ఆయన సమానుడై యుండవలెను. జీతగాడు ఆ ప్రశ్న అడుగలేడు. వాటా యెందులకను ప్రశ్నకు ఇది ఒక్కటియే చాలిన సమాధానము.

1973లో ఇరువురును కలిసియే పదవులను త్యజించిరి. ముందుగా నిశ్చయించుకొన్నవాడు ఫుజిసావా. అది తెలియగానే, ఆయన లేనిది నేనును లేనని హోండా నిర్ణయించెను.

ఇది గతించిన కాలపు కథ, ఇంజను కథ, నేటి సాఫ్ట్‌వేరు కంపెనీలకు వర్తించునా యని మీరడుగవచ్చును. అమెరికాలోని ఎయిర్‌బీఎన్‌బీ సంస్థాపకులు మువ్వురిలో బ్రయాన్ చెస్కీ, జో గెబియా చిత్రకళావిద్యాలయమున రూపకల్పన నేర్చినవారు. నాథన్ బ్లెచార్జిక్ ఒక్కడే ఇంజనీరు. అపరిచితుల యిండ్లలో బస దొరకించు ఆ ఏర్పాటు 2009లో న్యూయార్కు నగరమున సరిగా సాగకున్నపుడు, సాఫ్ట్‌వేరులో దోషమేమియు లేదు. చెస్కీ, గెబియాలు ఇల్లిల్లు తిరిగి, ఆతిథ్యమిచ్చువారితో కూర్చుండి మాటలాడి, గదుల ఛాయాచిత్రములు తామే తీసిరి. ఛాయాచిత్రములు బాగుపడగానే అతిథులకు నమ్మకము కుదిరెను. మన దేశమున ఫల్గుణీ నాయర్, కోటక్ సంస్థలో బ్యాంకరుగా ఉన్నతోద్యోగము చేయుచు, ఏబదేండ్లు నిండబోవు తరుణమున దానిని విడిచి 2012లో నైకా కంపెనీని స్థాపించెను. ఇంటర్నెట్టులో కొనిన సౌందర్యసామగ్రి అసలైనదో నకిలీయో యను స్త్రీల శంకను ఆమె తొలుతనే గ్రహించి, సరకును తన గిడ్డంగులలో నిలువచేసి అమ్ము మార్గమును ప్రధానముగా అవలంబించెను. 2021లో ఆ కంపెనీ వాటాలు బజారులోనికి వచ్చెను.

మన తెలుగువాడైన ఫణీంద్ర సామయు, ఆయన మిత్రులును 2006లో బెంగుళూరున ఆరంభించిన రెడ్‌బస్ కథ మఱియు బోధకము. వారు స్వయముగా ఇంజనీర్లు; బస్సు యజమానులకు ఉపకరించు సాఫ్ట్‌వేరును శ్రమించి తయారుచేసిరి. దానిని కొనుటకు ఆ యజమానులు ముందుకు రాలేదు. అప్పుడు వారు ట్రావెల్సు దుకాణముల మెట్లెక్కి, కొద్ది సీట్లు మాకిచ్చి చూడుడు, అమ్మి చూపుదుమని ఒక్కొక్కరినే ఒప్పించిరి. అనగా ఇంజనీర్లే ఫుజిసావా పనికి దిగవలసివచ్చెను. సంస్థాపకులందరును సాంకేతికులే యైనను ఆ పని మాయమైపోదు; ఎవరో ఒకరు దానిని భుజాన వేసికొనకతప్పదు.

కాబట్టి కోడ్ రాని యువతీయువకులకు నేను మనవి చేయునది యిది. ఆలోచన నాది యను మాటతో వాటా అడుగకుడు. ఆలోచనలు అందరికిని వచ్చును. ఇంజనీరు మిత్రుని వద్దకు పోకముందే, మీరు తీర్పదలచిన కష్టమును అనుభవించువారి వద్దకు పోవుడు. సాఫ్ట్‌వేరు లేకయే, ఒక ఫోనుతోను, ఒక ఖాతాపుస్తకముతోను పదిమందికి ఆ సేవ చేసి చూడుడు. డబ్బిచ్చి మరల వత్తురో లేదో తెలిసికొనుడు. ఆ తెలివిని చేతబట్టుకొని వచ్చినవానిని ఏ ఇంజనీరును తక్కువగా చూడడు. కోడ్ వ్రాయుట రాకపోయినను, అది యెట్లు నిర్మింపబడునో, యేది దినములలో నగునో, యేది మాసములు పట్టునో తెలిసికొనునంత శ్రద్ధ చూపుడు. మిత్రునితో సంప్రదింపక ఖాతాదారునకు గడువులు వాగ్దానము చేయకుడు. వాటాలను తొలినాడే పంచుకొని చేతులు దులుపుకొనక, నాలుగేండ్ల పర్యంతము పనిచేసిన కొలది క్రమముగా సంక్రమించునట్లు వ్రాసికొను పద్ధతి నేడు అంతటను ఉన్నది. దానిని అవమానముగా తలపక, మీరే ముందుగా ప్రతిపాదింపుడు.

ఇంజనీరు మిత్రులకును ఒక మాట. మీ ప్రక్కనున్నవాని శ్రమ తెరమీద కనబడదు. రాత్రి వ్రాసిన కోడ్ తెల్లవారి చూపవచ్చును గాని, పదిమంది కాదన్న తరువాత పదునొకండవవానిని ఒప్పించిన శ్రమను చూపుట కష్టము. దానిని వాని మాటలతో తూచక, ఖాతాదారులు పెరిగిరా, సొమ్ము వేళకు వచ్చెనా, మీ మనస్సు నిశ్చింతగా పనిలో నిలిచెనా యని తూచుడు. ఆ తూనికకు నిలువనిచో నిర్మొగమాటముగా విడిపొండు; నిలిచినచో సమానునిగా చూడుడు.

2015లో హైదరాబాదున స్టార్టప్‌లకు ఊతమిచ్చు టీ-హబ్ వెలసిన నాటినుండి ఆ యుత్సాహము మన జిల్లాలకును ప్రాకినది. మన కళాశాలలలో వాణిజ్యశాస్త్రము, చరిత్ర, సాహిత్యము, వ్యవసాయశాస్త్రము చదువువారు వేలకొలది కలరు. మిర్చి యార్డులో రైతు ఏల వేచియుండునో, చేనేత సహకారసంఘమున నూలు ఏల ఆలస్యమగునో, పల్లెనుండి వచ్చిన రోగి ఆసుపత్రి గడపలో ఏల దారితప్పునో వారిలో కొందరికి ఇంటినుండియే తెలిసియుండును. ఆ తెలివి తమవద్దనుండగా, ఇది కంప్యూటరు చదివినవారి కాలము, మాకిందు చోటు లేదని వారు వెనుదీయుట మన సమాజమునకు నష్టము. చోటు కలదు. అయితే అది ఎవరును పిలిచి యిచ్చునది కాదు. ఎదుటివాడు మోయలేని భారమేదో కనుగొని, దానిని అడుగకయే తలకెత్తుకొని, చెడుదినములలో దింపకుండ మోసినవానికే అది దక్కును. దక్కిన పిమ్మట ఇతడెవడని ఎవ్వరును అడుగరు.